చెరో కుందేలు

"పెంటికలు పడ్డాయా?"

ఇరవై ఒక్క రోజులుగా తనతో మాటల్లేని చెల్లెలికి తలుపు తీస్తూ అక్క అడిగిన మొదటి ప్రశ్న అది.

"ఒక్కటీ లేదు," అంది చెల్లి. "నిన్న సాయంత్రం నుంచి గడ్డి ముట్టలేదు. కొత్తిమీర మూతికి ఆనించినా మొహం తిప్పేసుకున్నాడు."

ఆమె చేతిలో మూతబుట్ట ఉంది. అక్క మూత ఎత్తి చూసింది. బూడిదరంగు కుందేలు గుమాస్తా ఒక మూల ముద్దలా ముడుచుకుని కూర్చున్నాడు. కళ్ళు సగం మూసుకుని ఉన్నాయి. అక్క చెయ్యి పెట్టి పొట్ట తడిమింది. గట్టిగా ఉంది. చెవులు చల్లగా ఉన్నాయి.

"పన్నెండు గంటలు దాటిందా?"

"పద్దెనిమిది."

అక్క మళ్ళీ పొట్ట తడిమింది. కుక్క అయినా పిల్లి అయినా ఒక పూట పస్తుంటే కొంపలేం మునిగిపోవు. కుందేలు అలా కాదు. అది తినడం ఆపితే కడుపు కదలడం మానేస్తుంది. ఆ తర్వాత గంటలు లెక్కపెట్టుకోవడమే. ఈ సంగతి ఆ కుటుంబంలో అందరికీ కంఠతా వచ్చు. నేర్పింది నాన్న. వీటి ఆరోగ్యం చీపురు పట్టినవాళ్ళకే తెలుస్తుందనేవాడాయన. పొద్దున్నే వాటి ట్రే ముందు గొంతుకూర్చుని, ఎన్ని పెంటికలు, ఎంత లావు, ఎండినవా మెత్తనివా అని పెద్ద డాక్టరులా పరీక్ష చేసేవాడు.

"డాక్టరుకి చూపించావా?"

"పొద్దున్నే వెళ్ళాను. ఇంజెక్షన్ చేశాడు. సిరంజితో నోట్లో పొయ్యమని గడ్డిపొడి ఇచ్చాడు. ఇచ్చి..." చెల్లి ఆగింది.

"ఇచ్చి?"

"దీని జత ఏదీ అని అడిగాడు."

అక్క తల వంచుకుంది.

"పంచుకున్నాం అని చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి నన్ను ఎగాదిగా చూశాడు. ఆరేళ్ళు ఒకదాన్ని ఒకటి అంటిపెట్టుకుని పెరిగినవాటిని పంచుకున్నారా, చదువుకున్నవాళ్ళేనా మీరు అన్నాడు. ఉన్నపళంగా తీసుకెళ్ళి జత పక్కన పెట్టమన్నాడు. సాయంత్రంలోగా కడుపు కదలకపోతే ఇక తన చేతుల్లో లేదన్నాడు."

పాపం, ఆ డాక్టరుకి వీళ్ళ నాన్న గురించి తెలియదు.

నాన్న గడియారాలు బాగుచేసే మనిషి. వెంట్రుకవాసి తేడా వచ్చినా సహించడు. ఆడపిల్లలిద్దరికీ కలిపి ఒక రబ్బరు తెస్తే, స్కేలు పెట్టి గీత గీసి, బ్లేడుతో కోసి చెరి సగం ఇచ్చేవాడు. బస్సులో కిటికీ సీటు కోసం కొట్టుకుంటే చేతిగడియారం చూసి సరిగ్గా సగం దారికి సీట్లు మార్పించేవాడు. మూడు నెలల కిందట ఆయన పోయాడు. ఇరవై ఒక్క రోజుల కిందట కూతుళ్ళిద్దరూ ఆయన పద్ధతిలోనే నేల మీద కూర్చుని ఆయన సామాను పంచుకున్నారు. నాలుగు గోడగడియారాలు, చెరి రెండు. రెండు దుప్పట్లు, చెరొకటి. ఆఖరున మిగిలినవి రెండు కుందేళ్ళు.

రెండూ తన దగ్గరే ఉండనిమ్మని అక్క అడిగింది. చెల్లి ససేమిరా అంది. "నాన్నయితే చెరొకటి ఇచ్చేవాడు," అంది. ఆ మాట నిజమే. జవాబు లేనప్పుడే మనిషి నోరు జారుతుంది. "రెండేళ్ళు మా ఇంట్లో నాన్నకీ వీటికీ చాకిరీ చేసింది నేను. నువ్వు ఆదివారం కూతురివి. వారానికోసారి వచ్చి ఆడుకుని పోయావు," అనేసింది. చెల్లి గుమాస్తాని బుట్టలో పెట్టుకుని వెళ్ళిపోయింది. అంతే, ఆ రోజు నుంచి ఫోన్లు కూడా లేవు.

"గుమ్మంలోనే నిలబడ్డావేం? లోపలికి రా," అంది అక్క.

అక్క కుట్టుపని చేస్తుంది. ముందుగది నిండా స్కూలు యూనిఫారాలు. మిషను కింద తెల్లటి దొరసాని కాళ్ళు బారజాపుకుని పడుకుని ఉంది. ఆ ఇంట్లో గుమాస్తాని 'వాడు' అంటారు గానీ దొరసానిని మాత్రం 'ఆవిడ' అంటారు. చేత్తో అందిస్తే తప్ప ఆకు కూడా ముట్టని కుందేలుకి ఆమాత్రం మర్యాద ఇవ్వక తప్పదు మరి.

చెల్లి బుట్ట దించి మూత తీసింది. దొరసాని లేచి ముక్కు ఆడిస్తూ వాసన చూసింది. వెనక కాలితో నేల మీద టప్పున ఒక్కటి కొట్టింది. ఆ మరుక్షణం గుమాస్తా మీదికి దూకింది. బూడిదరంగు బొచ్చు గుప్పెడు గాల్లోకి లేచింది. అక్క చేతికందిన అట్టముక్క మధ్యలో అడ్డం పెట్టింది. గుమాస్తా పారిపోవడానికి కూడా ఓపిక లేక కరిచిన చోటనే ఉండిపోయాడు.

"అదేంటక్కా! ఇరవై రోజులకే మర్చిపోయిందా?"

చాలా రోజుల తర్వాత వినపడిన ఆ 'అక్కా' అన్న పిలుపు అక్క చెవిన పడింది గానీ పడనట్టే ఊరుకుంది.

"ఇది ఆవిడ రాజ్యం. వాడి ఒంటి నిండా నువ్వు పనిచేసే ల్యాబు స్పిరిట్ వాసన. ఎవడో పరాయివాడు చొరబడ్డాడనుకుంటోంది."

"మా ఇంటికి తీసుకెళదామా?"

"అక్కడ వాడిది రాజ్యం. కాస్త ఓపిక రాగానే వాడు ఆవిణ్ణి తరుముతాడు. వీళ్ళిద్దరూ ఎప్పుడూ అడుగుపెట్టని చోటు కావాలి."

ఇప్పుడు ఆ రెండింటి మధ్యా పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేలా ఉంది. కానీ వాటి మధ్య వేయాల్సింది గడ్డే.

"నాన్న షాపు తాళాలు ఇచ్చేశావా?" అంది చెల్లి.

"సాయంత్రం ఆరింటికి ఓనరుకి ఇవ్వాలి. పద."

షాపు రెండు వీధుల అవతల. అక్క దొరసానిని ఇంకో బుట్టలో పెట్టి, సంచిలో గడ్డి, పాత పేపర్లు, ట్రే, చేట, చీపురు వేసుకుంది. అక్క వీధికి కుడి పక్కన, చెల్లి ఎడమ పక్కన నడిచారు. చూసినవాళ్ళెవరూ వాళ్ళిద్దరూ కలిసి ఒక పని మీద వెళుతున్నారనుకోరు.

సామానంతా పోయిన వారమే తీసేశారు. షట్టరు సగం ఎత్తి ఇద్దరూ వంగి లోపలికి దూరారు. గచ్చు నేల, ఖాళీ గోడలు. గడియారాలు వేలాడిన చోటల్లా రంగు వెలిసిపోకుండా గుండ్రంగా మిగిలిపోయింది. చెల్లి ఆ గుండ్రాల వైపే చూస్తూ నిలబడింది.

"చూస్తూ నిలబడితే అయినట్టే. పేపర్లు పరువు," అంది అక్క.

మధ్యలో ట్రే పెట్టి, దాని నిండా గడ్డి వేసి, కుందేళ్ళని చెరో పక్క వదిలారు. అక్క చేట పట్టుకుని కాపలా కూర్చుంది. దొరసాని గోడ వెంబడి ఒక చుట్టు తిరిగి, మూలమూలా వాసన చూసి, దారిలో గుమాస్తా కనపడగానే మళ్ళీ మీదికి వెళ్ళింది. చేట అడ్డం పడింది. మళ్ళీ వెళ్ళింది. మళ్ళీ చేట.

"మీ దొరసానికి ఇంత పొగరేంటి?" అంది చెల్లి.

"వాడు మాత్రం? పెద్దమనిషిలా మూతి ముడుచుకుని కూర్చున్నాడు. ఒక్క అడుగు ముందుకేస్తే వాడి సొమ్మేం పోతుంది?"

"ముందు కరిచింది ఎవరు?"

"ముందు ఇల్లు వదిలి వెళ్ళింది ఎవరు?"

ఇద్దరికీ కుందేళ్ళ గురించి మాట్లాడటం లేదని తెలిసిపోయింది. చెల్లి ముఖం మాడ్చుకుని సిరంజి అందుకుంది. గుమాస్తాని ఒళ్ళో పెట్టుకుని, పెదవి పక్క నుంచి గడ్డిపొడి కలిపిన నీళ్ళు చుక్కచుక్కగా పోసింది. వాడు సగం మింగి సగం ఆమె బట్టల మీద కక్కాడు. ఆమె తుడుచుకోలేదు.

దొరసాని గోళ్ళు గచ్చు మీద టకటకమంటూ తిరుగుతూనే ఉన్నాయి.

"అది రైల్వే గడియారం చోటు కదూ?" అంది చెల్లి, గోడ వైపు చూపిస్తూ.

"కాదు. అది కోకిల గడియారం. రైల్వేది తలుపు పక్కన ఉండేది. నీకు గుర్తులేదా? లెక్కలు చెయ్యమంటే నువ్వు ఎప్పుడూ తొమ్మిది చూపించే గడియారం వెతుక్కుని దాని కింద నిలబడి, నిద్ర టైమైంది నాన్నా అనేదానివి."

చెల్లి పెదవి చివర నవ్వు కదిలింది. స్కూలు వదలగానే ఇద్దరూ ఈ షాపుకే వచ్చేవాళ్ళు. గోడ మీద ఇరవై గడియారాలు ఇరవై టైములు చూపిస్తుండేవి. నాన్న చేతికున్నదొక్కటే సరైనది. ఆయన దాన్ని వీళ్ళకి చూపించకుండా చొక్కా చెయ్యి కిందికి లాక్కునేవాడు. ఏ గడియారం నచ్చితే దాని ప్రకారం ఆడుకోండి, నేను పిలిచినప్పుడు మాత్రం రండి అనేవాడు. అలాంటి సాయంత్రాలు మళ్ళీ ఒక్కటి దొరికితే వీళ్ళిద్దరూ ఏదైనా ఇచ్చేస్తారు.

"కుందేళ్ళు వచ్చింది కూడా ఇక్కడికే," అంది చెల్లి. "నేల మీద కాలు పెట్టలేదనుకో. ఇదిగో, కౌంటరు ఇక్కడుండేది. దాని మీద బుట్ట."

"ఎవరో ఊరు వెళుతున్నావిడ వారం రోజులు చూసిపెట్టమని వదిలి వెళ్ళింది. నాన్న రిపేరు గడియారాలకి కట్టే చీటీనే బుట్టకి కట్టి, 'రెండు, వారం' అని రాశాడు."

"ఆవిడ మళ్ళీ రాలేదు."

"రాకూడదని నాన్న ఎంత మొక్కుకున్నాడో నీకేం తెలుసు! షట్టరు ముందు ఏ ఆడమనిషి ఆగినా ఆయన మొహంలో నెత్తుటి చుక్క ఉండేది కాదు."

చెల్లి పకపకా నవ్వింది. ఆ నవ్వుకి దొరసాని చెవులు నిక్కించింది.

"వచ్చిన మూడో రోజే కరెంటు బిల్లు నమిలేశాడు వీడు. ఏ కాగితం కనపడినా ముందు వీడు చూడాల్సిందే. అందుకే గుమాస్తా."

"మీ బావ యూనిఫారం నిండా వీళ్ళ బొచ్చే. బస్సు నడుపుతుంటే ఎవరో అడిగారట, మీ ఇంట్లో పిల్లిని పెంచుతున్నారా డ్రైవరు గారూ అని. కుందేళ్ళండీ అంటే నమ్మలేదట. కూర వండుకోవడానికా అన్నారట. ఆ రోజు బావ అన్నం తినలేదు."

మాటలు అలా దొర్లుకుంటూ వచ్చాయి. పొద్దున్న ఆరింటికి నాన్న రేడియో పెట్టుకుని ట్రే కడగడం. తడిసిన పేపరు చుట్టచుట్టి తీసి, అడుగున గట్టిపడిన తెల్లమరక మీద వెనిగరు పోసి, పావుగంట నానబెట్టి గీకడం. బొచ్చు రాలే రోజుల్లో కిటికీ దగ్గర కూర్చుని పాత దువ్వెనతో ఇద్దరికీ తలదువ్వడం. ఎండపొడలో బొచ్చు తేలుతూ ఉంటే గది మొత్తం తుమ్ములే. ఆదివారాలు చెల్లి వచ్చేసరికి ఆయన నేల మీద వెల్లకిలా పడుకుని ఉండేవాడు. గుమాస్తా ఆయన పొట్ట మీదికెక్కి, అక్కడి నుంచి గాల్లోకి ఎగిరి, ఒళ్ళు మెలి తిప్పి దిగేవాడు. సంతోషం పట్టలేనప్పుడు కుందేళ్ళు అలా ఎగురుతాయి. నాన్నకి ఎగరడం రాదు కాబట్టి చప్పట్లు కొట్టేవాడు.

"అక్కా," అని గుసగుసగా పిలిచింది చెల్లి. "అటు చూడు."

గుమాస్తా కదిలాడు. పొట్ట నేలకి ఈడ్చుకుంటూ ట్రే పక్కగా వచ్చి, దొరసాని ముందు గడ్డం నేలకి ఆనించి తల పెట్టాడు. కుందేళ్ళలో అది బతిమాలుకోవడం. నన్ను నాకవూ, నన్ను చేరదీయవూ అని.

దొరసాని చూడనట్టు తన మొహం తాను కడుక్కుంది.

అక్క చేట ఎత్తి పట్టుకుంది. చెల్లి ఆ చేతిని మెల్లగా కిందికి దించింది.

దొరసాని ముందుకు వంగి గుమాస్తా నుదురు ఒకసారి నాకింది. ఆగింది. మళ్ళీ నాకింది. ఇక కనురెప్పలు, చెవుల లోపల, ఇందాక తను కరిచిన చోట. వాడు కళ్ళు మూసుకుని అలాగే పడి ఉన్నాడు.

ఐదు దాటాక వాడు ట్రేలోంచి ఒక గడ్డిపరక లాగాడు. నోట్లోకి పోతూ పోతూ ఆ పరక చేసిన కరకర చప్పుడు అక్కాచెల్లెళ్ళిద్దరికీ ఏ పాటా వినిపించనంత తియ్యగా వినిపించింది. రెండో పరక. మూడోది. కాసేపటికి వాడు లేచి పక్కకి జరిగాడు. పేపరు మీద నాలుగు పెంటికలు. మిరియాలకన్నా చిన్నవి, బొచ్చు పోగుతో ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి.

చెల్లి ల్యాబులో పనిచేస్తుంది. రోజుకి వందమంది సీసాలూ డబ్బీలూ చూస్తుంది. ముక్కు కూడా చిట్లించదు. ఆమె ఆ నాలుగు పెంటికలూ అరచేతిలోకి తీసుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

"ఛీ, చేతిలోకి తీసుకున్నావేంటే!" అంటూ అక్క కూడా ఏడ్చేసింది. ఏడుస్తూనే రుమాలుతో చెల్లి మొహం తుడిచింది, చిన్నప్పుడు ముక్కు తుడిచినంత మోటుగా.

ఐదున్నరయింది. దొరసాని, గుమాస్తా ఒకరికొకరు ఆనుకుని పడుకున్నారు. అక్క నేల ఊడవడం మొదలుపెట్టింది.

"ఇక వీళ్ళని విడదీయకూడదు," అంది చెల్లి.

"ఊఁ."

"మరి?"

అక్క ఊడుస్తూనే చెప్పింది. "నువ్వు తీసుకెళ్ళు. ఇద్దర్నీ."

చెల్లి తన చెవులు తానే నమ్మలేదు. "నీ దగ్గరే ఉంచమని అంత గొడవ చేశావు కదా. రెండేళ్ళు చాకిరీ చేశానన్నావు."

"చేశాను. ఎలా చేశానో చెప్పలేదు." అక్క చీపురు ఆపింది. "పోయిన ఏడాది పరీక్షల ముందు నలభై యూనిఫారాలు ఇవ్వాలి. ఒక తెల్ల చొక్కా మడతలో పెంటిక ఉంది. నేను చూసుకోకుండా ఇస్త్రీ చేశాను. మరక పోలేదు. అప్పటికే నాలుగు రోజులుగా నిద్ర లేదు నాకు. నాన్న ఎదురుగా నిలబడి ఉన్నాడు. నీకూ నీ కుందేళ్ళకీ ఊడ్చి ఊడ్చి నా నడుం విరిగిపోతోంది, ఎప్పుడు వదుల్తుంది ఈ పీడ అని అరిచాను."

చెల్లి అక్క చేతిలోని చీపురు వైపు చూసింది.

"ఆయన వీళ్ళిద్దర్నీ ఎత్తుకుని తన గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. మర్నాటి నుంచి నేను లేచేసరికి గది అద్దంలా ఉండేది. ఊడ్చే పని తప్పిందని సంతోషించాను కూడా. ఒకరోజు తెల్లారకముందే లేచాను. తలుపు సందులోంచి చూస్తే, కంటికి గడియారాల భూతద్దం పెట్టుకుని, మోకాళ్ళ మీద పాకుతూ, చిన్న మరలు పట్టుకునే చిమటాతో ఒక్కొక్క పెంటికే ఏరుతున్నాడు. చీపురు చప్పుడైతే నాకు మెలకువ వస్తుందని."

అక్క చీపురు రెండు చేతులా పట్టుకుంది. "లోపలికి వెళ్ళి ఆ చిమటా లాక్కోవాల్సింది. వెళ్ళలేదు. సిగ్గేసి మళ్ళీ పడుకున్నాను. ఆ తర్వాత ఏడెనిమిది నెలలు ఆయన అలాగే ఏరాడు. నేను చూడనట్టే ఉన్నాను. ఇప్పుడు రోజూ పొద్దున దొరసాని గది ఊడుస్తుంటే ఆయన మోకాళ్ళే కనిపిస్తాయి నాకు. రెండూ నా దగ్గరుంటే ఆ తప్పు కడుక్కోవచ్చనుకున్నాను. అది చీపురుతో పొయ్యేది కాదు. నువ్వు తీసుకెళ్ళు."

వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు.

"ఆ చొక్కా గొడవ జరిగింది బుధవారమా?" అంది చెల్లి.

"గుర్తులేదు... అవును, బుధవారమే. గురువారం డెలివరీ. నీకెలా తెలుసు?"

"ఆ సాయంత్రం నాన్న నాకు ఫోన్ చేశాడు."

అక్క చేతిలోని చీపురు కింద పడింది. "చెప్పేశాడా?"

"నీ గురించి ఒక్క ముక్క చెప్పలేదు. అక్క పాపం చాలా పనిలో ఉంది అన్నాడు. నాలుగు రోజులు నీ దగ్గరికి రానా చిన్నమ్మాయ్, వీళ్ళిద్దర్నీ కూడా తెచ్చుకుంటాను, ట్రే నేనే కడుక్కుంటాను, నీకేం శ్రమ ఉండదు అన్నాడు." చెల్లి గుమాస్తా వీపు నిమురుతోంది. నిమురుతూనే ఉంది. "నేనేమన్నానో తెలుసా? నాది చిన్న గది నాన్నా, నువ్వూ నేనూ రెండు కుందేళ్ళూ ఎక్కడ పడతాం, వచ్చే నెల చూద్దాంలే అన్నాను. సరేలేమ్మా, ఊరికే అడిగాను అన్నాడు. మళ్ళీ అడగలేదు. అందుకే ఆ రోజు నా వాటా నాక్కావాలని పట్టుబట్టాను. కనీసం ఒక్కటైనా నా గదిలో పడుతుందని చూపించాలని. ఎవరికి చూపిస్తాను ఇంక?"

ఆరింటికి ఓనరు వస్తాడని గానీ, రెండు కుందేళ్ళూ ఎవరి బుట్టలో వెళ్ళాలో తేల్చుకోలేదని గానీ ఎవరికీ గుర్తు రాలేదు.

"ఎంత చిన్నదే నీ గది?" అంది అక్క. పెళ్ళయి పిల్లలతో తీరిక లేక ఆమె ఒక్కసారి కూడా అక్కడికి వెళ్ళలేదు.

చెల్లి తలెత్తకుండా జవాబిచ్చింది.

"ఈ షాపంత."

అక్క చుట్టూ చూసింది. షాపులో ఇద్దరు మనుషులున్నారు. కాళ్ళు బారజాపుకుని పడుకున్న రెండు కుందేళ్ళున్నాయి. ట్రే, గడ్డి సంచి, రెండు బుట్టలు ఉన్నాయి. కోకిల గడియారం ఉండిన గోడ పక్కన ఇంకా ఒక మంచం పట్టేంత చోటు ఖాళీగా మిగిలి ఉంది.

అక్క ఆ చోటు వైపు చూస్తూ ఉండిపోయింది. చెల్లి అటు చూడలేకపోయింది.